వయసును మోడల్‌లో చేరిస్తే చెల్లదంటోంది

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఒక్కొక్కరికి మూడుసార్లు తీసిన మెదడు ఎమ్మారై స్కాన్లపై ప్రాజెక్టు చేస్తున్నాను. వయసును కోవేరియేట్‌గా (లెక్కలోకి తీసుకునే అదనపు అంశంగా) చేర్చితే, స్కాన్లను విశ్లేషించే ఎస్‌పీఎం సాఫ్ట్‌వేర్‌లో వయసు గడి బూడిదరంగులో కనిపిస్తోంది, కాంట్రాస్ట్ (పరీక్షించదలచిన పోలిక) చెల్లదంటోంది. నేను ఈ రంగానికి పనికివస్తానా?

జవాబు: సాఫ్ట్‌వేర్ చెప్పింది సరైనదే. మోడల్‌లో ప్రతి వ్యక్తికీ ఒక కాలమ్ ఉన్నప్పుడు, వ్యక్తుల మధ్య స్థిరంగా ఉండే తేడాలన్నీ ఆ కాలమ్‌లలోనే ఇమిడిపోతాయి. అధ్యయనంలో చేరిననాటి వయసు మూడు స్కాన్లకూ ఒక్కటే కనుక దానికి విడిగా చెప్పగలిగేది ఏమీ మిగలదు. అయితే వయసును బట్టి మార్పు వేగం మారుతుందా అని మీరు అడగవచ్చు. అందుకు వయసును స్కాన్ సమయంతో ఇంటరాక్షన్‌గా, అంటే ఒక్కో స్కాన్‌కు ఒక్కో వయసు కాలమ్ వచ్చేలా చేర్చి, అప్పుడు వచ్చే మూడు కాలమ్‌ల మధ్య తేడాలనే కాంట్రాస్ట్‌గా ఇవ్వాలి.

నిద్ర గంటల వంటి, స్కాన్‌కూ స్కాన్‌కూ మారే కోవేరియేట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎప్పుడూ తక్కువ నిద్రపోయే మనిషి మెదడు వేరు, ఒక రాత్రి నిద్ర చాలని మనిషి మెదడు వేరు. కనుక ఆ వ్యక్తి సొంత సగటును ఒక కోవేరియేట్‌గా, ఆ సగటు నుంచి ఆనాటి హెచ్చుతగ్గును మరొకటిగా విడదీయాలి. చికిత్సను పరీక్షించే అధ్యయనాల్లో, ఆ చికిత్స వల్లనే స్కాన్ సమయంలో తల కదలిక తగ్గిందనుకుంటే, కదలికను కోవేరియేట్‌గా చేర్చి అదుపు చేయబోయి చికిత్స ప్రభావంలో కొంత భాగాన్నే చెరిపివేసే ప్రమాదమూ ఉంది. ఎవరైనా ఒక స్కాన్‌కు రాకపోతే, ఒకే వ్యక్తి నుంచి పలుమార్లు తీసిన కొలతలను పోల్చే మామూలు రిపీటెడ్ మెజర్స్ అనోవాలో వారిని పూర్తిగా వదిలేయవలసి వస్తుంది, వ్యక్తుల మధ్య తేడాలను యాదృచ్ఛికంగా భావించే మిక్స్‌డ్ మోడల్‌లో మిగిలిన స్కాన్లు ఉపయోగపడతాయి. మెదడు స్కాన్లను విశ్లేషించే ఏఎఫ్‌ఎన్‌ఐ, ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్లలో అందుకు సాధనాలున్నాయి.

ఇక పనికివస్తారా అన్న సందేహం. స్కాన్ బొమ్మలను రంగుల్లో చూపగలిగేవారు చాలామందే దొరుకుతారు, బూడిదరంగు గడి ఎందుకు వచ్చిందో చెప్పగలిగేవారు అరుదు. అందువల్ల స్టాటిస్టిక్స్‌ను వదిలి న్యూరోసైన్స్‌కు మారవద్దని నా గట్టి సలహా. ఓపెన్‌న్యూరో వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మెదడు స్కాన్ల డేటాతో, ఆర్‌లో మిక్స్‌డ్ మోడళ్లకు వాడే ఎల్‌ఎంఈ4 ప్యాకేజీతో సాధన చేయండి. స్టాటిస్టిక్స్ బలంతోనే మెదడు స్కాన్లపై పీహెచ్‌డీకి బెంగళూరు నిమ్హాన్స్‌ను, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రాన్ని, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రాన్ని పరిశీలించండి. ఇంట్లో భాష గురించి బెంగపడితే హైదరాబాద్‌కు తొందరగా ఒప్పుకుంటారు. దరఖాస్తుకు ముందు మీ ప్రాజెక్టు నివేదికలో ఏ కోవేరియేట్‌ను ఎందుకు చేర్చారో, దేనిని ఎందుకు వదిలారో ఒక పేజీలో రాసి ఉంచుకోండి. ఇంటర్వ్యూలో చర్చ అక్కడి నుంచే మొదలయ్యే అవకాశం ఉంది.