నల్ల స్క్రీన్ ముందు కూర్చునే అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్ ప్లాంటు మెయింటెనెన్స్‌లో చేస్తున్నాను. మా అబ్బాయి మధురవాడ వైపు కాలేజీలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం. పాకెట్ మనీతో ఎక్కడో సర్వర్ అద్దెకు తీసుకున్నాడట. రాత్రి ఒంటిగంట దాకా నల్ల స్క్రీన్ మీద ఏవో టైప్ చేస్తుంటాడు. అడిగితే ‘ఫైళ్లు సర్దుతున్నా నాన్నా’ అంటాడు. మ్యాథ్స్‌లో ఒక బ్యాక్‌లాగ్ కూడా ఉంది. మా బావమరిది కొడుకు ద్వారకానగర్‌లో ఏఐ, క్లౌడ్, డెవాప్స్ కలిపిన కోర్సులో చేరాడు. ఫీజు లక్షా ఇరవై వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ. ఇంకో ఆరు నెలల్లో వాడికి ఆఫర్ లెటర్ వచ్చేస్తుందని మా బావమరిది అందరికీ చెబుతున్నాడు. నేనూ పీఎఫ్ లోన్ పెట్టి మావాణ్ని చేర్పిద్దామనుకుంటే వాడు ఒప్పుకోవట్లేదు. ఆ కోర్సూ, మావాడు చేస్తున్న పనీ, రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో కోర్సు కన్నా బావమరిది కొడుకే ఎక్కువ కనిపిస్తున్నాడు. వాడికి ముందు ఉద్యోగం వచ్చి, మీవాడు ఇంట్లో ఉండిపోతే పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఏం సమాధానం చెప్పాలన్నదే మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా ప్లేస్‌మెంట్ సీజన్‌కి ముందు వరసగా వస్తాయి. అందుకే పోలిక కాసేపు పక్కన పెడదాం. మీవాడు రాత్రిళ్లు చేస్తున్న పనేమిటో ముందు చూద్దాం.

‘ఫైళ్లు సర్దుతున్నా’ అనగానే మీకు గుమాస్తా పని గుర్తొచ్చి ఉంటుంది. అతను అద్దెకు తీసుకున్న సర్వర్, అంటే రాత్రింబవళ్లు నడిచే ఒక కంప్యూటర్, ముంబైలోనో సింగపూర్‌లోనో ఉంటుంది. దానికి తెరా ఉండదు, మౌసూ ఉండదు. గాజువాకలో కూర్చుని దానిలోకి వెళ్లాలంటే ఎస్‌ఎస్‌హెచ్ అనే దారి కావాలి. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో నెట్‌వర్క్ మీద పాస్‌వర్డులు కాజేస్తే, తాతు యూలొనెన్ అనే పరిశోధకుడు దీన్ని రాశాడు. అంత పాతదా అని తీసిపారేయకండి. ఈ రోజు ఏ పెద్ద క్లౌడ్‌లో, అంటే కంప్యూటర్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే మెషీన్ తీసుకున్నా మామూలుగా లోపలికి వెళ్లేది ఈ దారినే. లక్షా ఇరవై వేలు కట్టినవాడు కూడా చివరికి ఆ నల్ల స్క్రీన్ ముందుకే రావాలి.

లోపలికి వెళ్లాక అసలు పని మొదలవుతుంది. ఇక్కడి నుంచి అక్కడికి ఫైళ్లు పంపడానికి ఆర్‌సింక్ అనే కమాండ్ ఉంది, 1996 నుంచీ వాడుతున్నారు. దాని గొప్పేమిటంటే, పది జీబీ ఫోల్డరులో నిన్నటి నుంచి మారింది ఐదు ఎంబీయే అయితే దాదాపు అంతే పంపుతుంది. మన ఇళ్లలో నెట్ ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. కానీ ఫోల్డరు పేరు చివర ఒక గీత, అదే స్లాష్, పెడితే లోపలున్న ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. పెట్టకపోతే ఫోల్డరు మొత్తం వెళ్లి అక్కడ ఇంకో ఫోల్డరుగా కూర్చుంటుంది. దీనికే డిలీట్ అనే ఆప్షన్ కలిపితే ఇక్కడ లేనివన్నీ అక్కడ కూడా తుడిచేస్తుంది. తప్పు ఫోల్డరు ఇచ్చారా, అంతే సంగతులు. అందుకే తెలిసినవాళ్లు ముందు డ్రై రన్, అంటే ఏదీ నిజంగా కదపని ఉత్తుత్తి రన్, పెట్టి, ఏం పోతుందో ఏం మిగులుతుందో జాబితా చూసుకుని అప్పుడు ఎంటర్ కొడతారు. ఆర్‌ఎం కమాండ్‌తో చెరిపిన ఫైలు వెతుక్కోవడానికి అక్కడ రీసైకిల్ బిన్ ఉండదు.

పెద్దవాళ్లకీ ఇది జరిగింది. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రిపూట, కాపీ ఉండే రెండో సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లోనే ఫోల్డరు చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలోనే తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌లు ఉన్నాయనుకుంటే ఒక్కటీ సరిగా పనిచేయలేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు తీసి పెట్టిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఈ కథ మొత్తం వాళ్లే దాచుకోకుండా బయటపెట్టారు. మీవాడిని దాన్ని వెతికి చదవమనండి.

మీరు మెయింటెనెన్స్‌లో ఉన్నారు కాబట్టి ఒక మాట. కంట్రోల్ రూములో ప్యానెల్ మీద లైట్లు చూసేవాడికీ, ఏ వాల్వు తిప్పితే ఏ లైను ఆగుతుందో తెలిసినవాడికీ తేడా మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీవాడు వాల్వుల దగ్గర ఉన్నాడు.

ఇక కోర్సు. ఈ కలగూరగంప కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. ఏఐ, క్లౌడ్, సాఫ్ట్‌వేర్ తయారీనీ సర్వర్ల నిర్వహణనీ కలిపే డెవాప్స్, ఈ మూడూ ఆరు నెలల్లో నేర్పుతామంటే ఏదీ లోతుగా నేర్పరు. స్లైడు చూసి బటన్ నొక్కించడంతో చాలావరకు సరిపోతుంది. సర్వర్‌లో డిస్క్ నిండిపోతే ఏం చేస్తావని అడిగితే, సర్టిఫికెట్ చూపించిన పిల్లలు దిక్కులు చూడటం నా ఎదుటే జరిగింది. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నచోట షరతులు కాగితం మీద రాసివ్వమనండి, మాట ఎంత త్వరగా మారుతుందో చూడండి. కొన్నిచోట్ల రెజ్యూమేలో లేని మూడేళ్ల అనుభవం రాయిస్తారు. అది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఉద్యోగం పోతుంది. ఆ పేరు మళ్లీ కోలుకోవడం కష్టం.

‘విశాఖకి గూగుల్ వస్తోంది కదా, క్లౌడ్ నేర్చుకుంటే చాలు’ అనేవాళ్లు కూడా ఈ మధ్య ఎక్కువయ్యారు. 2025 అక్టోబరులో ఆ సంస్థ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది, నిజమే. కానీ డేటా సెంటర్ ఎంత పెద్దదైనా కట్టడం అయ్యాక లోపల పనిచేసేవాళ్లు ఆ పెట్టుబడితో చూస్తే తక్కువే. వాళ్లలో కరెంటు, కూలింగ్, సెక్యూరిటీ చూసేవాళ్లే చాలామంది. ఆ పేరు చెప్పి ఫీజు వసూలు చేసేవాళ్లకు మీ పీఎఫ్ ఎందుకు ఇవ్వాలి?

కోపగించుకోకండి, ఇంకొకటి అడుగుతాను. రాత్రి ఒంటిగంట దాకా అబ్బాయి మెలకువగా ఉన్నాడని చూశారు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ‘ఇదేంట్రా, చూపించు’ అని ఒక్కరోజైనా అన్నారా? సొంత ఖర్చుతో, ఎవరూ చెప్పకుండా, ఇష్టంగా పని నేర్చుకుంటున్న పిల్లాడు ఇంట్లో ఉన్నాడు. మీరేమో పక్కింటి ఆఫర్ లెటర్ లెక్కపెడుతున్నారు. అదీ ఇంకా రాని ఆఫర్ లెటర్.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను: ఇప్పుడు కోర్సు వద్దు. సర్టిఫికెట్ కావాలనుకుంటే డిగ్రీ చివర్లో లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష రాయించండి. అందులో బిట్లు ఉండవు, మెషీన్ ఇచ్చి పని చేసి చూపించమంటారు. మీవాడికి అది నప్పుతుంది. అయితే ఒక నిజం కూడా చెప్పాలి. ఫ్రెషర్లకు నేరుగా లినక్స్ అడ్మిన్ ఉద్యోగాలు తక్కువ. మొదట సపోర్టులో, నైట్ షిఫ్టులో, టికెట్లు, అంటే వచ్చిన ఫిర్యాదులు, చూసే పనే దొరకవచ్చు. అక్కడి నుంచి పైకి రావాలంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషో, కమాండ్లను వరసగా రాసి నడిపే షెల్ స్క్రిప్టింగో చేతికి రావాలి. ఒట్టి కమాండ్లతో రెండో మెట్టు ఎక్కలేడు. అయినా మీరు భయపడేంత ఏమీ లేదు. ఈ దారిలో పోయినవాళ్లు ఖాళీగా కూర్చున్నది నేను పెద్దగా చూడలేదు.

ఆదివారం అతన్ని ఇలా అడగండి: ‘నీ సర్వర్ ఇప్పుడు పూర్తిగా పోయిందనుకో, సాయంత్రానికి మళ్లీ నిలబెట్టగలవా?’ బ్యాకప్ ఉందని చెబితే ఊరుకోవద్దు. ఖాళీ మెషీన్ మీద వెనక్కి తెచ్చి చూపించమనండి. మీకు అర్థం కాకపోయినా పరవాలేదు, అతనికి అవుతుంది. ఎలా చేశాడో ఒక పేజీ రాసి పెట్టుకుంటే ఇంటర్వ్యూలో అదే మాట్లాడవచ్చు. పాస్‌వర్డుతో లాగిన్ ఆపేసి, దాని బదులు కీ అనే రహస్య ఫైలు పెట్టుకున్నాడో లేదో కూడా కనుక్కోండి.

సర్వర్ అద్దె మీరే కట్టండి, నెలకు కొన్ని వందలే. నేను మందలించాల్సింది ఒక్క బ్యాక్‌లాగ్ విషయంలోనే. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని రాతపరీక్షకే కూర్చోనివ్వవు. వచ్చే సప్లిమెంటరీ దాకా రాత్రి పదకొండుకు లాప్‌టాప్ మూసి మ్యాథ్స్ పుస్తకం తీయమని చెప్పండి. ఆ మాట మీరు చెబితే వింటాడు, కోర్సు ఊసు ఎత్తకుండా చెబితే.