డిగ్రీ ఫస్ట్ ఇయర్ ఆర్ట్ కోర్సులో వీడియో, ఎడిటింగ్ ఉన్నాయి, ఫోన్ తప్ప ఏమీ లేదు, తీసుకోవచ్చా?

గునుపూర్ నుంచి అడిగారు కదా: బీకామ్ మొదటి ఏడాది, బయటి సబ్జెక్టుగా ఆర్ట్ పరిచయ కోర్సు పెట్టుకుంటే అందులో కొన్ని వారాలు వీడియో తీయడం, ఎడిటింగ్ ఉంటాయి, చివర్లో మూడు నిమిషాల వీడియో ఇవ్వాలి, కెమెరా లేదు, లాప్‌టాప్ పాతది, ముందే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వెళ్లాలా లేక వేరే పేపర్ తీసుకోవాలా అని. తీసుకోండి. సాఫ్ట్‌వేర్ ఇప్పుడే నేర్చుకోనక్కర్లేదు. కానీ ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి, మీ ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఎవరు ఏ పని చేస్తున్నారో చూసి పెట్టుకోండి. అదెందుకో నా అనుభవం చెప్తే అర్థమవుతుంది.

నాది కూడా ఒడిశాలోనే, బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో సగం ఇంగ్లిష్, మీకు తెలిసిందే. నేను హిస్టరీ స్టూడెంట్‌ని, బొమ్మలు గీయడం కూడా అంతంత మాత్రమే. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత వేరే డిపార్ట్‌మెంట్ పేపర్లు తీసుకునే వీలు పెరిగింది కాబట్టి ఆ ఆర్ట్ పేపర్‌లో చేరాను. మొదట డ్రాయింగ్, తర్వాత ఫోటో, ఆ తర్వాత ఆరు వారాలు వీడియో.

మొదటి అసైన్‌మెంట్ చూసి చాలా నిరాశపడ్డాను. ఎడిటింగ్ లేదు, జూమ్ లేదు, ఫోన్ కదలకూడదు, 50 సెకన్ల షాట్ ఒక్కటి తీసుకురమ్మన్నారు. 1895లో ప్యారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బులు తీసుకుని జనానికి చూపించిన సినిమాలు ఒక్కొక్కటి దాదాపు అంతే ఉండేవి, రీలు అంతకంటే పొడుగు లేదు మరి. వాళ్ల సినిమాలు 1896 జూలైలో బొంబాయి వాట్సన్ హోటల్‌కీ వచ్చాయి. నేను మా దగ్గరి గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్లి ఒడ్డున పడవ లాగుతున్న జాలర్ల ముందు ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి పెట్టాను. మొదటి ఇరవై సెకన్లు ఏమీ జరగలేదనిపించింది, ఆపేద్దామనుకున్నాను. ముప్పై దాటాక ఒక కుర్రాడు వెనక నుంచి పరుగెత్తుకొచ్చి పడవ కింద దుంగ తోశాడు, అప్పటిదాకా కదలని పడవ ఒక్కసారి ముందుకు జారింది, అందరూ అరిచారు. ఇరవై సెకన్ల దగ్గర ఆపేసి ఉంటే ఆ జారడం దొరికేది కాదు. మీ కోర్సులో ఈ అసైన్‌మెంట్ ఇవ్వకపోయినా మీరే ఒక పది చేసుకోండి. షాట్ ఎంతసేపు పట్టుకోవాలో ఏ ట్యుటోరియల్ కంటే ఇదే బాగా నేర్పుతుంది.

ఇక అసలు సంగతి. ఫైనల్ వీడియోకి మా వీధి చివర పట్టుచీరలు నేసే తాతగారిని అడిగాను. బరంపురం పట్టు గురించి వినే ఉంటారు, నేసేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. గుంట మగ్గం, చిన్న గది, ఒక ట్యూబ్‌లైటు, ఒక కిటికీ. ఒక ఆదివారం వెళ్లి గంటన్నర తీసి, అంతా అయిపోయిందనుకుని ఇంటికొచ్చేశాను. వారం తర్వాత ఎడిటింగ్‌కి కూర్చుంటే ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. ఎందుకంటే నా దగ్గరున్న ఫుటేజ్ అంతా గుమ్మం దగ్గర నిలబడి, నా కంటి ఎత్తులో, ఒకే సైజులో తీసింది. ఒక షాట్ పక్కన ఇంకో షాట్ పెడితే కట్ చేసినట్టు లేదు, వీడియో ఎగిరిపడినట్టు ఉంది. గుంటలో తొక్కుతున్న పాదాల షాట్ లేదు. నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) పట్టుకునే చెయ్యి లేదు. మొహం దగ్గరగా అసలే లేదు.

మళ్లీ వెళ్లాను. "ఏటమ్మా, మళ్లీ వచ్చావు, మొన్న తీసింది పోయిందా?" అన్నారు తాతగారు. పోలేదు తాతా, సరిపోలేదు అన్నాను. కూర్చోమన్నారు. ఈసారి నేలమీద కూర్చుని చేతులు తీశాను, పాదాలు తీశాను, పోగు తెగితే ఆయన దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి ముడి వేయడం తీశాను (ఆ ముడి వేసేటప్పుడు ఆయన ఊపిరి బిగపట్టడం నాకు అక్కడ కనపడలేదు, ఇంటికొచ్చి స్క్రీన్ మీద చూశాకే కనపడింది). సంతోషంగా వచ్చి రెండు రోజుల ఫుటేజ్ కలిపితే, గుమ్మం నుంచి తీసినప్పుడు మగ్గం మీద ఎర్రచీర, దగ్గరగా తీసినప్పుడు ఆకుపచ్చ చీర! మధ్యలో ఆయన మొదటి చీర దింపేశారు, కొత్తది మొదలుపెట్టేశారు. నేను ఆ సంగతి గమనించనేలేదు. దూరం నుంచి ఎర్రగా ఉన్న చీర దగ్గరికెళ్తే పచ్చగా మారిపోతే చూసేవాళ్లు దేన్ని నమ్ముతారు?

అందుకే చెప్తున్నాను, షూటింగ్ అంతా ఒకరోజు, ఎడిటింగ్ అంతా ఇంకోరోజు అనుకోవద్దు. ఏం తీయలేదో ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడే తెలుస్తుంది. పది, పదిహేను నిమిషాలు తీయండి, అదే రాత్రి చిన్నగా అతికించి చూడండి, ఏ ముక్క లేదో కాగితం మీద రాసుకోండి, మర్నాడు వెళ్లి ఆ ముక్క తీయండి. ఇలా మూడు నాలుగుసార్లు తిరగాలంటే ఆ చోటు దగ్గరుండాలి. నా క్లాస్‌మేట్ ఒకతను చిల్కా సరస్సులో పడవల గురించి చేశాడు, షాట్లు నా వాటికంటే చాలా అందంగా ఉన్నాయి, కానీ మళ్లీ వెళ్లడం కుదరక కావలసిన రెండు క్లోజప్‌లు లేకుండానే ఇచ్చేశాడు. ఆ రెండూ ఉంటే అతనిదే క్లాసులో మంచి వీడియో అయ్యేది, ఇప్పటికీ నాకు అదే అనిపిస్తుంది.

ఫోన్ విషయం. ఫోన్ చాలు, నిజంగా చాలు. కానీ ఆటోమేటిక్‌లో వదిలేయకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది, మన కంటికి తెలియదు గానీ వీడియోలో నల్లటి చారలు పాకుతుంటాయి. కెమెరా యాప్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షట్టర్, అంటే ఒక్కో బొమ్మకి వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, చారలు పోతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మలో వెలుగు ఎంతుండాలన్నది) మారకుండా లాక్ చేయండి, లేకపోతే నాడె అటూ ఇటూ పోయినప్పుడల్లా వెలుగు పెరిగి తగ్గుతుంది. 1080పిలో తీయండి చాలు, నా ఫోన్‌లో నిమిషానికి 130 ఎంబీ దాకా అయ్యేది, 4కె అయితే మీ పాత లాప్‌టాప్ తట్టుకోదు.

ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు. చాలా ఫోన్లు సెకనుకి 30 ఫ్రేమ్‌లు, అంటే 30 బొమ్మలు, అని చూపిస్తాయి గానీ, వెలుగు తగ్గితే వాటంతటవే ఫ్రేమ్‌ల వేగం మార్చేస్తాయి. దాంతో కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో కాసేపటికి శబ్దం ఒకచోట, బొమ్మ ఇంకోచోట పడతాయి. మాట్లాడే మనిషి అయితే కొంచెం తేడా వెంటనే తెలియకపోవచ్చు, మగ్గం దగ్గర మాత్రం దొరికిపోతారు. నాడె పోవడం, పన్నె (పోగును బిగించే దువ్వెన లాంటిది) దగ్గరికి లాగి ఠక్కున కొట్టడం, ఆ ఠక్ అన్నది చెయ్యి ఆగిన క్షణానికే వినపడాలి. నేను ఆపకుండా తీసిన ఒక పొడుగు క్లిప్‌లో నాలుగో నిమిషానికి చెయ్యి వెనక్కి వెళ్తుంటే ఠక్ వినపడింది. ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను, ఫైలు పాడైపోయిందేమోనని. పాడవలేదు. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి ఫైళ్లు మార్చుకుంటే సరిపోయింది. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే మార్చుకోండి, సగం కట్లు వేశాక మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మీ దగ్గర ఐదొందలో వెయ్యో ఉంటే లెన్సులకీ ట్రైపాడ్‌కీ పెట్టకండి, కాలర్‌కి తగిలించే చిన్న మైకు కొనండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే ఆపేస్తారు. మైకు కూడా లేకపోతే ఇంకో ఫోన్‌ని మాట్లాడేవాళ్ల చొక్కా జేబులో పెట్టి రికార్డర్ ఆన్ చేసి, రెండు ఫోన్లూ నడుస్తుండగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి, తర్వాత ఆ చప్పుడు చూసి రెండూ కలుపుకోవచ్చు. తాతగారు నేస్తూనే మాట్లాడితే ఒక్క ముక్కా అర్థం కాలేదు, అందుకని మగ్గం ఆపించి మాటలు విడిగా, మాటలు లేకుండా మగ్గం విడిగా తీసుకున్నాను, ఎడిటింగ్‌లో మగ్గం శబ్దాన్ని తగ్గించి మాటల కింద పరిచాను. వచ్చేముందు అందరినీ మాట్లాడొద్దని చెప్పి ఖాళీ గదిని ముప్పై సెకన్లు రికార్డ్ చేయండి. ఖాళీ గదికీ ఒక శబ్దం ఉంటుంది, మా గదిలో అయితే ఫ్యాను, వీధిలో సైకిల్ బెల్లు. మాటల మధ్య కట్ చేసిన గుంటల్ని దానితోనే పూడుస్తాం.

ఎడిటింగ్‌లో నాకు నిజంగా కళ్లు తెరిపించిన క్లాసు ఒకటి ఉంది. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం గురించి చెప్పారు: ఒక నటుడి ఒకే మొహాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన పెడితే, చూసేవాళ్లకి ఆకలి, దుఃఖం, కోరిక అని వేర్వేరుగా కనపడ్డాయట. ఇంటికెళ్లి తాతగారి మొహం షాట్ ఒక్కటే తీసుకుని, దాని తర్వాత ఒకసారి మడతపెట్టిన కొత్త చీర పెట్టాను, ఇంకోసారి చీర దింపేశాక ఖాళీగా ఉన్న మగ్గం పెట్టాను. మా అమ్మకి చూపించాను. మొదటిది చూసి "సంతోషంగా ఉన్నాడు" అంది, రెండోది చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఆయన పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదు కదా" అంది. ఆ మాట నేను వీడియోలో ఎక్కడా పెట్టలేదు. అప్పుడు కొంచెం భయం వేసింది కూడా, ఒక మనిషి మొహానికి మనం ఏ అర్థమైనా తగిలించవచ్చు అని. అందుకే పూర్తయ్యాక క్లాసులో కంటే ముందు ఆ మనిషికే చూపించండి, తీసేటప్పుడు అనుమతి అడగడం ఒక్కటే సరిపోదు.

ఎర్రచీర, పచ్చచీర ఏం చేశానంటే, దాచడం మానేశాను. ఎర్రచీర షాట్లతో మొదలుపెట్టి, దాన్ని మడతపెట్టడం, తర్వాత ఒక్క క్షణం నల్ల తెర, ఆ నలుపులోనే మగ్గం చప్పుడు ముందు వినపడుతుంది, రెండు సెకన్ల తర్వాత పచ్చచీర మీద చేతులు కనపడతాయి. బొమ్మకంటే శబ్దం ముందు రావడాన్ని జే కట్ అంటారు, పాత బొమ్మ శబ్దం కొత్త బొమ్మ మీదికి సాగితే ఎల్ కట్. ఎఫెక్టులు, స్టార్‌లా విచ్చుకునే ట్రాన్సిషన్లు నేర్చుకునే టైమంతా ఈ రెండిటి మీద పెట్టండి.

లాప్‌టాప్ పాతదన్నారు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలా బాగుంటుంది కానీ 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే ఏడిపిస్తుంది. మీరు షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ పెట్టుకుని ప్రాక్సీ ఆన్ చేసుకోండి, అంటే ఎడిట్ చేసేటప్పుడు చిన్న సైజు నకళ్లు వాడి, చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ప్రాజెక్ట్ మొదలయ్యాక పేర్లు మార్చకండి, చోటు మార్చకండి. రెండోచోట కాపీ ఉండాలి, పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

మనలాంటి ఊళ్లవాళ్లకే వచ్చే ఇంకో చిక్కు ఉంది, సబ్‌టైటిల్స్. తాతగారు తెలుగులో మాట్లాడారు, మధ్యలో ఒడియా, క్లాసులో సగం మందికి తెలుగు రాదు. ఒడియాలో సబ్‌టైటిల్ వేస్తే అక్షరాలు విడిపోయాయి, తెలుగులో పేరు వేస్తే ఒత్తులు కింద కూర్చోకుండా పక్కకి వచ్చి నిలబడ్డాయి. మీ తప్పు కాదు, ఆ సాఫ్ట్‌వేర్ మన లిపిని సరిగ్గా కూర్చలేకపోతోందన్నమాట. అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో అయితే సెట్టింగ్స్‌లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. వేరేదాంట్లో అవ్వకపోతే, వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా అక్షరాలు తయారుచేసి వీడియో మీద పెట్టేయండి, నేను అదే చేశాను. ఒకసారి తెరమీద రెండు లైన్లకు మించి వేయకండి. తాతగారి మాటలు అనువదించేటప్పుడు ఆయన అన్నంత చిన్నగానే రాయడానికి నాకు షూటింగ్ కంటే ఎక్కువ టైమ్ పట్టింది, ఆ టైమ్ పెట్టడం న్యాయం కూడా.

క్లాసులో మా మేడమ్ ప్రతి వీడియోనీ రెండుసార్లు వేసేవారు, ఒకసారి శబ్దం తీసేసి, ఒకసారి తెర ఆపేసి వినడానికి మాత్రమే. ఇచ్చేముందు ఇంట్లో మీరూ అలా చేసుకోండి. నాది కళ్లు మూసుకుని వింటే మధ్యలో ఒకచోట మగ్గం రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా పడినట్టు వినపడింది, చూస్తున్నప్పుడు ఎన్నడూ పట్టుకోలేకపోయాను. తాతగారికి చూపించినప్పుడు ఆయన కూడా సరిగ్గా అక్కడే తల ఎత్తి "ఇక్కడ నేను ఇలా నెయ్యను" అన్నారు. ఆ కట్ సరిచేశాకే ఇచ్చాను.

మీ ఫోన్ మోడల్, లాప్‌టాప్ ర్యామ్ ఎంతో కింద రాయండి, ప్రాక్సీ ఏ సైజులో పెట్టాలో చెప్తాను. గునుపూర్‌లో ఏం తీద్దామనుకుంటున్నారో అది కూడా రాయండి.