పాత థర్మోస్టాట్ తీసేయొచ్చా, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, గుంటూరు అరండల్‌పేటలో మాకు చీరల షాపు ఉంది. డక్టబుల్ ఏసీ, అంటే సీలింగులో గొట్టాల గుండా గాలి వచ్చేది. ఈమధ్య వైఫై థర్మోస్టాట్ పెట్టించాం. పాత డయల్ థర్మోస్టాట్ మాత్రం ఇంకా గోడకే ఉంది. అడిగితే "ఉంటే మీకేం అడ్డమండీ" అన్నాడు మెకానిక్. వచ్చినవాళ్ళ పిల్లలు దాన్ని కాస్త తిప్పితే చాలు, ఏసీ ఆగిపోతోంది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఇది పది నిమిషాల పని అంటూ ఒక వీడియో పంపాడు. దాన్ని తీసేసి తీగలకు టేపు చుట్టేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తీసేయొచ్చమ్మా. కానీ టేపు చుట్టి వదిలేస్తే మర్నాడు మీ ఏసీ ఆన్ కాదు. తప్పు కొత్తదానిదే అనుకుని మళ్ళీ దానికి ఖర్చు పెడతారు.

డయల్ థర్మోస్టాట్ అంటే గదిలో వేడిని బట్టి తనంతట తానే పడే, లేచే స్విచ్, అంతే. ఫోన్‌లో కూలింగ్ అని చూపిస్తుండగానే, డయల్ తిప్పితే ఏసీ ఆగుతోందా? ఒకసారి చూడండి. అలా అయితే పాతదీ కొత్తదీ సిరీస్‌లో ఉన్నట్టు. రెండూ సరేనంటేనే కంప్రెసర్ నడుస్తుంది. అప్పుడు పాతదాన్ని తీసిన చోట ఆ రెండు తీగల్నీ ఒకదానితో ఒకటి కలపాలి.

కొన్నిచోట్ల దీనికి తలకిందులుగా ఉంటుంది. ఫోన్‌లో ఆఫ్ చేసినా, పాత డయల్‌ని 18కి తిప్పగానే ఏసీ నడుస్తుంది. అంటే ప్యారలల్‌లో కలిపారన్నమాట, రెండిట్లో ఏ ఒక్కటి సరేనన్నా కంప్రెసర్ నడుస్తుంది. అక్కడ తీగలు కలపకూడదు, దేనికది విడిగా మూసేయాలి. కలిపారో, కంప్రెసర్ ఆగకుండా నడిచి కాయిల్ మీద ఐసు పేరుకుంటుంది. కాబట్టి స్క్రూడ్రైవర్ తీయకముందే ఈ రెండు పరీక్షలూ మీ ఎదుట చేసి చూపించమని మెకానిక్‌ని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక అబ్బాయి వీడియో. అమెరికా ఇళ్ళలో సెంట్రల్ ఏసీ థర్మోస్టాట్‌కు మామూలుగా వచ్చేది 24 వోల్టులే. మన షాపుల్లో ఆ చిన్న డబ్బా దాకా 230 వోల్టులు రావడం మామూలే. అందుకని ఈ పని మీరు చేయొద్దు, షాపులో కుర్రాడి చేతా చేయించొద్దు. ఏసీ ఎంసీబీ దించినంత మాత్రాన కరెంటు పోయిందని కూడా నమ్మకూడదు. కంట్రోల్ లైను వేరే ఎంసీబీ నుంచో, ఇన్వర్టర్ నుంచో వస్తుండవచ్చు. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసి, తర్వాతే ఇక్కడ అన్ని తీగలకూ పెట్టి చూడాలి. రెండు తీగలకు మించి ఉంటే విప్పకముందే ఫోటో తీయించండి. కొత్తదానికి కరెంటు ఆ పాత డబ్బాలోంచే లాగి ఉంటే, ఆ తీగల్ని పీకగానే కొత్తదీ ఆరిపోతుంది.

టేపు మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మే నెల ఎండలకి జిగురు కారి ఊడొస్తుంది. స్క్రూ కనెక్టర్ పెట్టించి, గోడలో ఉన్న బాక్సు మీద బ్లాంక్ ప్లేటు బిగించమనండి. అందం కోసం దాని మీద పుట్టీ, రంగు పూయిస్తామంటారేమో, వద్దు. రేపు జాయింటు లూజైతే వెతుక్కోవడానికి గోడ పగలగొట్టాలి.

మెకానిక్ వచ్చేదాకా ఒక ఉపాయం. సిరీస్‌లో ఉందని తేలితే పాత డయల్‌ని అన్నిటికన్నా తక్కువ అంకె మీద పెట్టి, పిల్లలు తిప్పకుండా మూత బిగించండి. అది అడ్డు తప్పుకుంటుంది, చల్లదనం సంగతి కొత్తదే చూసుకుంటుంది. తీసేశాక కూడా పాతదాన్ని పారేయకండి. ఎండాకాలంలో ఎప్పుడైనా వైఫైది మొరాయిస్తే, కొత్తది వచ్చేలోపు మెకానిక్ దీన్నే బిగించి షాపు నడిపించేస్తాడు.