ముందు పొదుగు చూడు, తర్వాతే మూపురం

చిరంజీవి శీనుకు,

పెదనాన్న ఆశీస్సులు. ఒంగోలు ఆవుల్ని కొనబోతున్నావని మీ నాన్న చెబితే కడుపు నిండిపోయింది. బ్రెజిల్‌లో మన జాతినే నెలోర్ పేరుతో పెంచుతున్నారు. 2023లో అక్కడి వయాటినా-19 అనే ఆవుకు 40 లక్షల డాలర్ల పైనే విలువ కట్టారు. అయితే వాళ్లు పెంచేది మాంసానికి. మనకు అది పాలకూ సేద్యానికీ పనికొచ్చే జాతి. సేద్యం పని ట్రాక్టరు తీసుకుంది కాబట్టి ఇక ఆ ఆవు మన కొట్టంలో నిలవాలంటే పాలతోనే నిలవాలి. ఉత్త అందం కోసం రైతు ఎన్నాళ్లు మేపుతాడు?

బండలాగుడు పందేల మోజులో అందరూ ఒళ్లున్న కోడెల వెంటపడి, పాలున్న ఆవుల్ని వదిలేశారని నాకు బాధ. నువ్వు అలా చేయకు. తెల్లటి ఒళ్లు, నల్లటి ముట్టె, నల్లటి తోక కుచ్చు, పొట్టి కొమ్ములు ఉన్నాయో లేదో చూసుకుని, నేరుగా పొదుగు దగ్గరికి వెళ్లు.

సాయంత్రం పూట వెళ్లాలి. కొందరు ముందు పూట పిండకుండా ఉంచి పొదుగు నిండుగా చూపిస్తారు, అందుకని ఆ పూట పాలు లెక్కలోకి తీసుకోకు. నీ కళ్లముందు పూర్తిగా పిండించి, రాత్రి అక్కడే పడుకుని, తెల్లారి మళ్లీ పిండించు. ఆ పాలే నిజం. దూడను వదిలాక ఎంతసేపటికి చేపుతోందో, అంటే పొదుగులోకి పాలు దించుతోందో గమనించు. నాలుగు చన్నుల్లోనూ ధార సమంగా ఉందో లేదో నువ్వే పిండి చూడు. దాని తల్లి ఎన్ని పాలిచ్చేదో, ఒక ఈనుకూ మరో ఈనుకూ ఎంత ఎడమో మొహమాటపడకుండా అడుగు.

ఎదకొచ్చినప్పుడు అన్ని ఆవులూ అరవవు. పొద్దున, రాత్రి వెనక తీగలా జిగురు జారుతోందేమో చూడు. పొద్దున కనిపిస్తే సాయంత్రానికి చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించు. ఆబోతు వీర్యం ఉండే స్ట్రా మీద జాతి, ఆబోతు నంబరు చదివాకే వేయనివ్వు. విదేశీ జాతి జెర్సీ వేస్తే పాలు పెరుగుతాయని ఎవరు చెప్పినా ఒప్పుకోకు, పుట్టే పెయ్య ఇక ఒంగోలు ఆవు కాదు. మంచి ఆబోతుల సంగతి చదలవాడ పశువుల ఫారంలోనో, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని కామధేను పశువుల పెంపక కేంద్రంలోనో అడుగు.

కాస్త పొలంలో పచ్చిమేతకు పిల్లిపెసర చల్లు. జొన్న కోసిన చేలో లేచే పిలకలు మాత్రం మేపకు, వాటిలో నాము అనే విషం ఉంటుంది, అది తిన్న పశువు చూస్తుండగానే పడిపోతుంది. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా మానకు. పుట్టిన దూడకు గంటలోపే జున్నుపాలు పట్టించు. పాల కేంద్రానికి పోస్తే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని దాని కడుపు మాడ్చకు, రేపు నీ కొట్టానికి పాలిచ్చేది అదే.

బేరానికి వెళ్లేముందు ఫోన్ చెయ్యి. టంగుటూరులో కలుస్తాను, ఆ రాత్రి నీతోనే ఉంటాను.

మీ పెదనాన్న