పళ్లు కొరికే అలవాటుకు నైట్ గార్డ్: చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 41. రైస్ మిల్లులో అకౌంటెంట్‌ను, జీతం 32,000 రూపాయలు. నిద్రలో పళ్లు పటపట కొరుకుతున్నానని ఇంట్లో అంటున్నారు. పొద్దున లేచేసరికి దవడ పట్టేసి ఉంటోంది. నోటి కొలత తీసి, రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయడానికి డాక్టరు 8,000 అడిగారు. ఆన్‌లైన్‌లో 600కే దొరుకుతోంది. ఆరోగ్య బీమా ఉంది, పొదుపు ఖాతాలో 40,000 ఉన్నాయి. లక్ష రూపాయల చిట్టీ ఎత్తి చేయించుకోమంటారా?

జవాబు: చిట్టీ ముట్టుకోకండి. దాన్ని మధ్యలో ఎత్తితే పాటలో వదులుకునే సొమ్మే గార్డ్ ధరను మించిపోవచ్చు. పొదుపు ఖాతాలోంచే చెల్లించి, ఆ లోటును నాలుగు నెలల్లో నెలకు 2,000 చొప్పున పూడ్చుకోండి.

నైట్ గార్డ్ కొరికే అలవాటును మాన్పించదు. రాత్రంతా దవడ పెట్టే ఒత్తిడిని పంటికి బదులు తాను భరిస్తూ, తానే అరుగుతుంది. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి అమర్చుకునే 600 రూపాయల రకం గట్టిగా కొరికేవారి నోట్లో త్వరగా చిరిగిపోతుంది, సరిగ్గా కూర్చోకపోతే దవడ నొప్పి పెరగవచ్చు కూడా. నోటి కొలతతో చేసిన గట్టి ఆక్రిలిక్ గార్డ్ సాధారణంగా కొన్నేళ్లు నిలుస్తుంది. నాలుగేళ్లు వచ్చిందనుకుంటే ఏడాదికి పడేది 2,000. పన్ను చీలితే రూట్ కెనాల్, దానిపై క్యాపు కలిపి ఒక్క పంటికే తరచూ ఇంతకన్నా ఎక్కువ అవుతుంది. మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారు చాలామంది ఉన్నారు. ఫ్లోరోసిస్ తీవ్రంగా ఉన్న పళ్ల పైపొర సులువుగా పెచ్చులూడుతుంది కనుక, మీ పళ్లపై గోధుమరంగు మచ్చలు, గుంటలు ఉంటే ఈ ఖర్చును అసలే వాయిదా వేయకండి.

బీమాపై ఆశ పెట్టుకోవద్దు. మన దేశంలోని సాధారణ ఆరోగ్య పాలసీలు ప్రమాదంలో దెబ్బతగిలితే తప్ప దంత చికిత్సకు చెల్లించవు. ఓపీడీ రైడర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి అదనపు బీమా) తీసుకుని ఉంటే మాత్రం అందులో దంతాల ఊసు ఉందేమో చూడండి. ధర మరీ భారమనిపిస్తే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఒకసారి విచారించవచ్చు.

డబ్బు కట్టేముందు ఇంకొక్క సంగతి. మీకు గట్టిగా గురక, పగటిపూట కునుకుపాట్లు ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉన్నవారిలోనూ పళ్లు కొరకడం కనిపిస్తుంది, కొందరిలో గార్డ్ ఆ సమస్యను పెంచవచ్చు. అప్పుడు ముందు ఖర్చు పెట్టాల్సింది నిద్ర పరీక్షకు. మానసిక ఒత్తిడి, ఎక్కువగా తాగే టీ, కొన్ని డిప్రెషన్ మందులు కూడా పళ్లు కొరకడానికి కారణం కావచ్చు.

గార్డ్ తీసుకున్నాక నెలకు 200 రూపాయలు విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 40 నెలల్లో తర్వాతి గార్డ్ సొమ్ము సిద్ధంగా ఉంటుంది. వేడినీళ్లతో కడిగితే గార్డ్ వంకరపోతుంది, చల్లనీళ్లే వాడండి.