జ్యూరీ సేవ వల్ల పోయిన జీతాన్ని ఇంటి బీమా నుంచి రాబట్టుకోవచ్చా?

ఇంగ్లండ్‌లో ఉంటూ జ్యూరీ (కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) పిలుపు అందుకుని, ఆఫీసు జీతం ఇవ్వనంటే ఏం చేయాలని అడిగారు. మీ ఇంటి బీమాలో 'లీగల్ ఎక్స్‌పెన్సెస్' (న్యాయపరమైన ఖర్చుల) కవర్ ఉందేమో ముందు చూడండి. చాలా పాలసీల్లో ఇది విడిగా డబ్బు కట్టి చేర్చుకునేది. అందులో తరచుగా 'జ్యూరీ సర్వీస్' అనే చిన్న పేరా ఉంటుంది. అది దాదాపు ఎవరూ చదవరు, నాకు బాధనిపించేది అదే!

కోర్టు మొదటి 10 రోజులకు రోజుకు గరిష్ఠంగా 64.95 పౌండ్లే ఇస్తుంది. ఆ రోజు మీరు కోర్టులో 4 గంటలు లేదా అంతకన్నా తక్కువ ఉంటే అందులో సగమే. మీ చేతికి రోజుకు 120 పౌండ్లు వచ్చేవనుకోండి, మిగిలిన 55.05 పౌండ్ల లోటును బీమా భరిస్తుంది, పాలసీ పరిమితి మేరకు. కోర్టు, ఆఫీసు ఇచ్చింది పోగా మిగిలినదే అడగాలి. కాబట్టి ఆఫీసు నింపిచ్చిన ఆదాయ నష్టం సర్టిఫికెట్, కోర్టు చెల్లింపు కాగితం, పేస్లిప్పులు దాచుకోండి. ప్రయాణం, భోజనం ఖర్చులు కోర్టునే అడగండి.

పిలుపు వచ్చాక కవర్ కొంటే పనికిరాదు. అన్నట్టు, అక్కడ ఓటరు జాబితాలో ఉంటే భారత పౌరులకూ ఈ పిలుపు రావచ్చు.