పాత మ్యాడ్ పత్రికలో అనుబంధం లేకపోతే దానికి విలువ ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తాతగారి ట్రంకుపెట్టెలో 1960, 70ల నాటి మ్యాడ్ అనే అమెరికా హాస్యపత్రిక ప్రతుల కట్ట ఒకటి దొరికింది. కొన్నింటి అట్ట మీద లోపల స్టిక్కర్లు ఉన్నాయనీ, రికార్డు ఉందనీ రాసి ఉంది, తీరా తెరిస్తే లేవు. వీటిని ఉంచుకోవాలా, అమ్మేయాలా, లేని అనుబంధాలు ఎక్కడైనా కొని పూర్తి చేయాలా అని అడిగారు.

ఉంచుకోండి. అనుబంధాల వేట మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి. నేను పెరిగింది చెన్నై టి.నగర్‌లో, ఇప్పుడు ఉండేది పెరంబూరులో. ఈ పత్రికల పిచ్చి స్కూలు రోజుల నుంచీ ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ కట్టని రెండు కుప్పలు చేయండి. మామూలు సంచికలు ఒక పక్క, వార్షికాలు, స్పెషళ్లు ఇంకో పక్క. మామూలు సంచికల్లో సాధారణంగా అనుబంధం ఉండదు, కాబట్టి అవి చాలావరకు పూర్తిగానే ఉన్నట్టు. మీ టెన్షన్‌లో సగం ఇక్కడే పోతుంది. అనుబంధాలు ఎక్కువగా వచ్చింది పాత సరుకును తిరిగి అచ్చేసిన వార్షికాల్లో. 'ద వరస్ట్ ఫ్రమ్ మ్యాడ్', 'మోర్ ట్రాష్ ఫ్రమ్ మ్యాడ్' రెండూ 1958లో మొదలై 1969 దాకా పన్నెండేసి వచ్చాయి. 'మ్యాడ్ ఫాలీస్' 1963 నుంచి 1969 దాకా ఏడు. 1970 నుంచి వీటన్నిటి స్థానంలో 'మ్యాడ్ స్పెషల్' వచ్చింది.

ఇంత తిరుగుముద్రణ ఎందుకంటే, మ్యాడ్ 1957 నుంచి 2001 దాకా ప్రకటనలు వేసుకోలేదు. ఎవరినైనా వెక్కిరించాలంటే ఎవరి డబ్బూ తీసుకోకూడదని వాళ్ల లెక్క. అంటే రాబడి అంతా ప్రతులు అమ్మితేనే. చదివేసిన జోకులే మళ్లీ కొనిపించాలంటే పాఠకుడికి ఏదో ఆశ చూపాలి కదా, అందుకే ఈ స్టిక్కర్లూ, పోస్టర్లూ, స్టెన్సిళ్లూ, కత్తిరించి కట్టుకునే కాగితం బొమ్మలూ, రికార్డులూ. డెబ్బైల స్పెషళ్లలో కొన్నింటికి 1950ల నాటి రంగుల కామిక్ మ్యాడ్‌ని తిరిగి అచ్చేసిన చిన్న పుస్తకం కూడా జత చేశారు. (మ్యాడ్ 1952లో కామిక్ పుస్తకంగా పుట్టింది. 24వ సంచిక నుంచి, అంటే 1955లో, ఇప్పుడు మనం చూసే పత్రిక సైజుకి మారింది.) సొంత వార్షికానికి 'మరింత చెత్త' అని పేరు పెట్టి అమ్మడం, అట్ట మీద ధర పక్కనే 'చవక' అని అచ్చేసుకోవడం వాళ్లకే చెల్లింది.

ఇక అవి లోపల ఎందుకు లేవంటే, వాడమని ఇచ్చారు, పిల్లలు వాడేశారు. స్టిక్కరు అంటించడానికే ఉంది, పోస్టరు గోడకే ఉంది. మన ఇళ్లలో వారపత్రికల సీరియళ్లు చించి బైండు చేయించుకున్నట్టే ఇదీను. మద్రాసులో దీనికి తోడు లెండింగ్ లైబ్రరీలు. నాకు దొరికిన ప్రతుల్లో చాలావాటికి రబ్బరు స్టాంపులు ఉన్నాయి, అట్టకి మందపాటి కాగితం అంటించి ఉంది, వదులుగా ఉన్నదేదీ లోపల మిగల్లేదు. అద్దెకిచ్చే పుస్తకంలో స్టిక్కర్ల షీటు ఎన్నాళ్లు ఉంటుంది చెప్పండి.

అందుకే డబ్బు పెట్టి వెతకడానికి ముందు ఇంట్లో వెతకండి. ఇది తేలిగ్గా తీసుకోకండి, నిజంగా పనికొస్తుంది. ట్రంకుపెట్టె మూత లోపలి వైపు, మీ నాన్నగారి పాత నోటుపుస్తకాలు, అట్లాసు మధ్య, బీరువా తలుపు వెనక. రికార్డయితే ఇంట్లో ఉన్న ఎల్పీల కవర్లన్నీ తీసి లోపలికి చూడండి. నాకు తెలిసిన ఒకరింట్లో మ్యాడ్ రికార్డు దొరికింది ఘంటసాల భగవద్గీత కవర్లో. పెద్దావిడ ప్లాస్టిక్ రేకు ఏదో పారేయడమెందుకని భద్రంగా అందులో పెట్టిందట. అందులో ఉన్న పాటేమిటో తెలిస్తే పెట్టి ఉండేది కాదు.

ఆ రికార్డుల గురించి కాస్త చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. మామూలు రికార్డుల్లా గట్టిగా ఉండవు. కొన్ని అట్టముక్క మీద ప్లాస్టిక్ పొర వేసి ఆ పొరలో గాడులు చేసినవి, తర్వాతివి ఒట్టి పలచని ప్లాస్టిక్ రేకులు. 1966 నాటి వరస్ట్ ఫ్రమ్ మ్యాడ్‌లో వచ్చిన 'ఇట్స్ ఎ గ్యాస్' వీటిలో బాగా పేరున్నది. 1963 నాటి ఎల్పీలోంచి తీసుకున్న పాట. పాడాల్సిన చోటల్లా త్రేన్పులే, వెనక మాత్రం శాక్సఫోన్‌తో సహా పక్కా బ్యాండు. మా అమ్మ వంటింట్లోంచి విని "ఎవర్రా వాడు, తిన్నది అరగలేదా?" అంది. 1980 ప్రాంతంలో వచ్చిన 'సూపర్ స్పెక్టాక్యులర్ డే' ఇంకా గమ్మత్తు. పాట ఎంతో హాయిగా మొదలై చివరికి ఏదో ఒక అనర్థంలో పడుతుంది, ఏ అనర్థమన్నది ముల్లు ఎక్కడ పడిందనే దాన్ని బట్టి ఉంటుంది. ఒకే వైపు ఎనిమిది గాడులు పక్కపక్కనే చుట్టుకుంటూ పోతాయి, ముల్లు వాటిలో ఒకదాన్ని పట్టుకుంటుంది. విన్నవాళ్లు రెండోసారి పెట్టి, ఇందాకటి పాట కాదే అని బిత్తరపోతారు.

మీకు అలాంటిది దొరికితే నేరుగా ప్లేయర్ మీద పెట్టకండి, జారుతుంది. కింద ఒక మామూలు ఎల్పీ పెట్టి, దాని మీద ఇది వేసి, మధ్యలో గాడులు లేని చోట ఒక రూపాయి బిళ్ల పెట్టండి. వంగిపోయి ఉంటే రెండు అద్దాల మధ్యో, లావు పుస్తకాల మధ్యో కొన్ని వారాలు ఉంచండి. ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు కొనే సంగతి. ఏ సంచికలో ఏ అనుబంధం ఉండాలో ముందు తెలుసుకోండి. అట్ట మీద రాసి ఉంటుంది, విషయసూచికలోనూ చాలాసార్లు ఉంటుంది. ఇంటర్నెట్‌లో మ్యాడ్ కవర్ సైట్ అని అభిమానుల జాబితా ఉంది, సంచికలవారీగా అన్నీ దొరుకుతాయి. తర్వాత పత్రిక వెన్ను చూడండి. చించిన చోట సన్నటి కాగితం పట్టీ మిగిలి ఉంటుంది. పిన్నులు కొట్టిన పత్రికయితే పిన్నులు వదులై ఉంటాయి. ఒక కాగితం పోతే దానికి జోడీగా అవతలి సగంలో ఉండే కాగితం పట్టు లేక ఊగుతుంది. అన్నట్టు, వెనక అట్ట లోపలి వైపు మడత కూడా చూడండి. మ్యాడ్ కార్టూనిస్టు అల్ జాఫీ 1964లో మొదలుపెట్టిన ఫోల్డ్-ఇన్ అది. బొమ్మను మడిస్తే వేరే బొమ్మ వస్తుంది. మడత పడని ప్రతికి ధర ఎక్కువ, కానీ మడవకుండా ఆ జోకు ఎలా చూస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా దగ్గర ఉన్నవన్నీ మడతలు పడ్డవే, వాటిని అలాగే కావాలని కొన్నాను.

నకిలీల విషయంలో జాగ్రత్త. స్టిక్కర్ల షీట్లను స్కాన్ చేసి అచ్చేసి పాత పత్రికలో పెట్టి 'కంప్లీట్' అని అమ్మేవాళ్లు ఉన్నారు. విదేశం నుంచి ఒకరు నాకు పంపారు కూడా, తిప్పి పంపేశాను. చిన్న భూతద్దం చాలు. ఆ కాలపు ఆఫ్‌సెట్ ముద్రణలో రంగు చుక్కలు వరసగా, ఒక పద్ధతిలో కనిపిస్తాయి. ఇంట్లో ప్రింటరు వేసిన చుక్కలు చల్లినట్టు చెదిరి ఉంటాయి. కాగితం కూడా పట్టించేస్తుంది. పత్రిక అంచులు టీ రంగుకి వచ్చి, మధ్యలో షీటు మాత్రం తెల్లగా మెరుస్తుంటే అనుమానించండి. ఒకవేళ అది మందం ఎక్కువున్న మంచి కాగితం అయితే తక్కువ పాతబడటం సహజమే, కాబట్టి ఒక్క రంగు చూసి తీర్పు చెప్పకండి, చుక్కలు కూడా చూడండి.

మన దగ్గర దొరికే ప్రతుల్లో బ్రిటిష్ ముద్రణ కూడా ఉంటుంది. 1959 నుంచి 1994 దాకా అక్కడ విడిగా మ్యాడ్ వచ్చేది. ధర సెంట్లలో కాక షిల్లింగులు, పెన్నీల్లో ఉంటే అదే. షిల్లింగులుంటే 1971 ఫిబ్రవరికి ముందుదని కూడా తెలిసిపోతుంది, ఆ నెలలోనే బ్రిటన్ కొత్త పెన్నీలకి మారింది. అమెరికా జాబితా చూసి బ్రిటిష్ ప్రతిలో అనుబంధం పోయిందని బాధపడకండి, దానిలో అసలు పెట్టి ఉండకపోవచ్చు. కట్టలో 'క్రాక్డ్' అనే పత్రిక ఉందేమో కూడా చూడండి. 1958లో మ్యాడ్‌ని చూసి పుట్టింది, ఆఫీసు ఊడ్చే సిల్వెస్టర్ పి. స్మైత్ దాని బొమ్మ. దాని వార్షికాల్లోనూ ఇలాంటి ఫ్రీలు ఉండేవి. సేకరించేవాళ్లు తక్కువ కాబట్టి చవకగా వస్తుంది. హాస్యం మాత్రం మ్యాడ్ ముందు వెలవెలబోతుంది, నా అభిప్రాయం.

చెన్నైలో ఎక్కడ వెతకాలంటే, పాత పుస్తకాలకి పేరుపడ్డ మూర్ మార్కెట్ ఉన్న రోజుల్లో ఈ ప్రశ్నే వచ్చేది కాదు. అది 1985లో కాలిపోయింది, ఆ స్థలంలో ఇప్పుడు సబర్బన్ రైళ్ల స్టేషన్ ఉంది. అక్కడి వ్యాపారుల కోసం సెంట్రల్ పక్కన కట్టిన లిల్లీ పాండ్ కాంప్లెక్సులో ఇప్పుడు ఎక్కువగా పాఠ్యపుస్తకాలే. ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు పేవ్‌మెంటు మీద అప్పుడప్పుడు అదృష్టం తగులుతుంది. నా అనుభవంలో అన్నిటికన్నా మంచిది పాత పేపర్ల కొట్టు. పాత ఇళ్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు, లోపలి పుస్తకాలన్నీ కిలోల లెక్కన అక్కడికే వస్తాయి. కొట్టతనితో స్నేహం చేసుకుని ఒక్క మాట చెప్పి ఉంచండి: పుస్తకాల్లోంచి జారిపడ్డ విడి కాగితాలు పారేయొద్దని. వాళ్లు తూకం వేసే ముందు కట్టని దులుపుతారు, షీట్లు ఊడిపడేది అక్కడే.

విదేశాల నుంచి తెప్పిస్తే పోస్టేజీ ఒక్కోసారి పత్రిక ధర కన్నా ఎక్కువవుతుంది. అందుకే అనుబంధం లేని వార్షికం మీ దగ్గర ఉంటే, ఒక్క అనుబంధం కోసం వెతక్కండి. విడి షీటు అరుదుగా వస్తుంది, వచ్చినా ధర మండిపోతుంది. అన్నీ ఉన్న ప్రతే వేరేగా కొని, మీ తాతగారిది చదువుకోవడానికి ఉంచుకోవడం చాలాసార్లు చవక. లేనిదాని ధర ఉన్నదాని ధరలో చిన్న భాగమే కాబట్టి అమ్మినా మీకు పెద్దగా మిగలదు.

దాచే పద్ధతి. చవక కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుతురు, వేడి తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. మన ఊళ్లో తేమ అదనం. పాలీప్రొపిలిన్ కవర్లు వాడండి, పి.వి.సి. వద్దు. వెనక ఆమ్లం లేని అట్ట పెట్టండి. తడి కొట్టి అంటించే రకం స్టిక్కర్లు వానాకాలంలో వాటంతట అవే ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో బటర్ పేపర్ వేయండి. కలరా ఉండలు రికార్డుల దగ్గర పెట్టొద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి మంచిది కాదు. చిరిగిన చోట సెల్లోటేపు వేయొద్దు, కొన్నేళ్లకి గోధుమరంగు మరక మిగుల్తుంది. జిరాక్స్ షాపులో లామినేషన్ అన్న మాట ఎవరైనా ఎత్తితే అక్కణ్ణుంచి వచ్చేయండి. పెట్టెని నేల మీద, మంచం కింద ఉంచకండి. 2015 డిసెంబరులో ఈ ఊళ్లో ఎన్ని ఇళ్ల పుస్తకాలు ముద్దయ్యాయో మీకూ తెలిసే ఉంటుంది.

వార్షికాల కుప్ప తేలాక ఒక్కొక్కదాని అట్ట, విషయసూచిక, వెన్ను మూడూ కనిపించేలా ఫోటోలు తీసి ఇక్కడే కింద పెట్టండి. ఏది పూర్తిగా ఉందో, దేనిలో ఏం పోయిందో చూసి చెబుతాను. ఎల్పీల కవర్లు వెతకడం మాత్రం దానికి ముందే చేయండి.